ఫ్రెంచి క్రియారూపాలను సిలబుళ్లుగా విడదీసి సరిగ్గా పలకడం ఎలా?

ఇంటర్మీడియట్‌లో రెండవ భాషగా ఫ్రెంచి తీసుకున్నవారైనా, కెనడా వలస కోసం టెఫ్ అనే ఫ్రెంచి భాషా పరీక్షకు చదువుతున్నవారైనా, మూడు నాలుగు వారాలు గడిచేసరికి నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "కాగితం మీద ఉన్న అక్షరాలన్నీ పలకాలా? పలకకపోతే క్రియను ఎక్కడ విరవాలి?" ప్రశ్న సమంజసమైనదే. 'మాట్లాడు' అనే అర్థమున్న పార్లే క్రియకు వర్తమానంలో అయిదు స్పెల్లింగులు ఉన్నాయి, చెవికి మాత్రం మూడే రూపాలు వినిపిస్తాయి. అందుచేత కాగితాన్ని చూసి విడదీసేవారికి ఈ పని ఎన్నటికీ కుదరదు. ముందు పలకని అక్షరాలను కొట్టివేసి, మిగిలిన ధ్వనులను మాత్రమే విడదీయాలి. కింది పద్ధతి అంతా ఈ వరుస మీదనే నడుస్తుంది.

కావలసినవి

ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, మాట రికార్డు చేసుకునే ఫోను, ఉచ్చారణను చూపే ఫ్రెంచి నిఘంటువు (లె రొబేర్ గాని లారూస్ గాని సరిపోతుంది) ఉంటే చాలు. నిఘంటువులో సాధారణంగా క్రియ మూలరూపానికే ఉచ్చారణ ఇస్తారు, ఆరు పురుషల రూపాలకు ఇవ్వరు. ఆ పని మీరే చేసుకోవాలి.

ఇక్కడ వాడే గుర్తులు

ఫ్రెంచి ధ్వనులను తెలుగు లిపిలో రాయడానికి పాత పుస్తకాలలోని రెండు గుర్తులను తిరిగి తెచ్చుకుందాం. ముక్కుతో పలికే అచ్చుకు అరసున్న (ఁ) వాడదాం. హిందీలో 'హాఁ' అన్నప్పుడు పెదవులు మూసుకోకుండా గాలి ముక్కులోనికి వెళ్తుంది కదా, అదే ధ్వని. 'రోజు' అన్నప్పుడు చాలామంది నోట వినిపించే దంత్య జకారానికి ౙ వాడదాం. ఇది ఫ్రెంచి ధ్వనికి దగ్గరగా ఉంటుంది, నాలుక పళ్లను గట్టిగా తాకకుండా చూసుకుంటే చాలు. మామూలు జ అని రాసినచోట 'టెలివిజన్' మాట నడుమ వచ్చే మెత్తని ధ్వనిని పలకాలి.

ఆ అంటే పూర్తిగా నోరు తెరిచే ధ్వని, అ అంటే పెదవులు కొద్దిగా గుండ్రం చేసి తేలికగా వదిలే బలహీనమైన అచ్చు. ఏ అన్నది 'పేరు'లోని ఏకారం వంటిది, ఎ అన్నది 'మేడ' అన్నప్పుడు దవడ కొంచెం కిందికి దిగే ధ్వని వంటిది. ఇక్కడి దీర్ఘాలు నోరు ఎంత తెరవాలో చెబుతాయి గాని ఎంతసేపు సాగదీయాలో చెప్పవు. 'నీవు' అనే అర్థంలో త్యు అని రాసినచోట ఇకారం పలుకుతూ పెదవులను ఉకారానికి పెట్టినట్లు ముడవండి. రకారం గొంతులో పలకాలి. త, ద మన తకార దకారాలే, ఇంగ్లీషు వారి ట, డ కావు. ఈ ఒక్క విషయంలో మనకు ఎవరూ ఏమీ నేర్పనక్కరలేదు.

ఫ్రెంచి స్పెల్లింగు చెప్పవలసి వచ్చినప్పుడు ఇంగ్లీషు అక్షరాల పేర్లను చుక్కలతో ఇస్తాను, ఉదాహరణకు ఇ.ఎన్.టి. సిలబుల్ (ఒక అచ్చు చుట్టూ ఒకే ఊపులో పలికే ముక్క) విరుపును అడ్డగీత చూపుతుంది.

1. పలకని చివరలను కొట్టివేయండి.

క్రియారూపాన్ని నోటుపుస్తకంలో రాసి చివరినుండి వెనుకకు రండి. చివర ఇ., ఇ.ఎస్., ఇ.ఎన్.టి. ఉంటే మొత్తం కొట్టివేయండి. చివరి ఎస్., టి., డి., ఎక్స్. కూడా పోతాయి. మూలరూపం చివరి ఇ.ఆర్., మధ్యమ పురుష బహువచనం చివరి ఇ.జెడ్. రెండూ ఒకేలా ఏ అని పలుకుతాయి. ఇలా చేస్తే పార్లే క్రియ వర్తమానం ఇంతే మిగులుతుంది: జ పార్ల్, త్యు పార్ల్, ఇల్ పార్ల్, ను పార్-లొఁ, వు పార్-లే, ఇల్ పార్ల్. ఆరింటిలో నాలుగు అచ్చంగా ఒకటే. 'అతడు మాట్లాడుతాడు', 'వారు మాట్లాడుతారు' అన్నవాటికి ఈ క్రియలో వినికిడి తేడా ఏమీ లేదు, కాబట్టి ఉన్నట్లు పలకడానికి ప్రయత్నించవద్దు.

జాగ్రత్త: ఇ.ఎన్.టి. కొట్టివేయవలసింది ప్రథమ పురుష బహువచన ప్రత్యయం అయినప్పుడు మాత్రమే. 'వస్తాడు' అనే ఏకవచన రూపం చివరకూడా ఇ.ఎన్.టి.యే ఉంటుంది గాని అక్కడ అది ధాతువులో భాగం. దానిని ఇల్ వ్యెఁ అని పలకాలి. బహువచనం ఇల్ వ్యెన్. 'అబద్ధమాడుతాడు' అన్నది ఇల్ మాఁ, బహువచనంలో ఇల్ మాఁత్. ఈ తేడాను పిల్లలకు చూపడానికి ఫ్రెంచి ఉపాధ్యాయులు పాతకాలంనుండి ఒక వాక్యం చెబుతారు: లే పుల్ ద్యు కు-వాఁ కువ్. 'మఠంలోని కోళ్లు పొదుగుతున్నాయి' అని అర్థం. చివరి రెండు మాటల స్పెల్లింగు ఒక్కటే. మొదటిది నామవాచకం కనుక ఇ.ఎన్.టి. ముక్కుతో పలుకుతుంది, రెండవది క్రియ కనుక మాయమవుతుంది.

గతంలో జరుగుతూ ఉన్న పనిని చెప్పే ఎఁ-పార్-ఫె కాలంలో ఏ.ఐ.ఇ.ఎన్.టి. అని అయిదు అక్షరాలు బారులు తీరుతాయి. భయపడనక్కరలేదు, అంతా కలిపి ఒక్క ఎ ధ్వని: ఇల్ పార్-లె.

2. మిగిలిన హల్లును పొల్లుగానే వదిలిపెట్టండి.

తెలుగువారు ఎక్కువగా తప్పేది ఇక్కడే కనుక ఈ మెట్టు మీద కొంతసేపు ఆగుదాం. మనది అజంత భాష. బస్ అన్నదానిని బస్సు చేసుకున్నాం, కార్‌ను కారు చేసుకున్నాం, రోడ్డుకు డకారాన్ని ద్విత్వం చేసి మరీ ఉకారం తగిలించాం. అదే అలవాటుతో పార్ల్ అనవలసినచోట 'పార్లు' అనో 'పార్లె' అనో నోరు జారుతుంది. వినే ఫ్రెంచివారికి ఒక్క సిలబుల్ రెండయి వినిపిస్తుంది, ఒక్కొక్కసారి కాలమే మారిపోతుంది. 'పార్లె' అన్నారంటే 'మాట్లాడుతూ ఉండేవాడు' అన్నట్లే.

పైగా ఫ్రెంచిలో చాలా క్రియలకు బహువచనాన్ని చెవికి చూపేది ఈ పొల్లు హల్లే. ఇల్ వాఁ అంటే 'అమ్ముతాడు', ఇల్ వాఁద్ అంటే 'అమ్ముతారు'. ఇల్ ఫి-ని అంటే 'ముగిస్తాడు', ఇల్ ఫి-నిస్ అంటే 'ముగిస్తారు'. ఇల్ ది, ఇల్ దిౙ్. ఇల్ మె, ఇల్ మెత్. ఇల్ ప్రాఁ, ఇల్ ప్రెన్. చివరి జంటలో ఏకవచనం ముక్కుతో పలికే అచ్చుతో ముగుస్తుంది, బహువచనంలో ఆ ముక్కు ధ్వని పోయి స్పష్టమైన నకారపొల్లు వస్తుంది. ఈ రెంటినీ కలిపేసి 'ప్రాన్' అంటే ఏ వచనమో ఎవరికీ తెలియదు.

నేను నేర్చుకునే రోజులలో ఇల్ ఫి-నిస్ అనవలసినదానిని ఇంగ్లీషు ధోరణిలో 'ఇల్ ఫినిస్సెంట్' అని చదివాను. మా ఉపాధ్యాయురాలు ఏమీ అనకుండా బల్లమీద మూడు సార్లు తట్టి ఊరుకున్నారు. నేను పలికినవి నాలుగు. ఆ నాలుగవది ఎక్కడనుండి వచ్చిందో వెతుక్కుంటే తప్పు దానంతట అదే దొరికింది. ఇప్పటికీ నేను ఇతరులకు చెప్పే మొదటి పరీక్ష అదే.

సాధన ఇలా చేయండి: 'సత్', 'వాక్' అని తెలుగులో పొల్లుతో పలకండి, అదే ముగింపును ఇల్ మెత్, ఇల్ వాఁద్ అన్నవాటికి తెచ్చుకోండి. అయితే ఫ్రెంచిలో చివరి హల్లును సగంలో మింగరు. నాలుకను పూర్తిగా విడుదల చేస్తారు, కానీ దానివెంట అచ్చును రానివ్వరు.

3. అచ్చు ధ్వనులను లెక్కపెట్టండి.

ఎన్ని అచ్చు ధ్వనులో అన్ని సిలబుళ్లు. ఓ.యు. రెండక్షరాలైనా ఒకటే ఉ, ఏ.యు. ఒకటే ఓ, ఓ.ఐ. వా అని ఒకే ఊపులో వస్తుంది. అందువల్ల 'నేను తాగుతాను' అన్నది జ బ్వా, 'మేము తాగుతాము' అన్నది ను బ్యు-వొఁ, 'వారు తాగుతారు' అన్నది ఇల్ బ్వావ్.

కొన్ని అక్షరాలు పక్క హల్లును కాపాడడానికే నిలబడి ఉంటాయి. 'మేము తింటాము' అన్నదానిలో జి. తరువాత, ఓ.ఎన్.ఎస్.కు ముందు ఒక ఇ. ఉంటుంది, అది లేకపోతే జకారం గకారంగా మారుతుంది కనుక పెట్టారు తప్ప దానికి ధ్వని లేదు. కాబట్టి మాఁ-జొఁ అని రెండే, 'మాఁ-జె-యొఁ' అని మూడు కావు. ఇందుకు ఎదురుగా 'మేము చేస్తాము' అన్నచోట ఏ.ఐ. స్పెల్లింగు చూసి అందరూ 'ఫె-ౙొఁ' అంటారు. అది ను ఫ-ౙొఁ. ఎందుకంటే అలా పలకడం వాడుక, అంతే.

4. హల్లులను పంచండి.

రెండు అచ్చుల నడుమ ఒకే హల్లు ఉంటే అది తరువాతి సిలబుల్‌కు పోతుంది: ప్రే-పా-రే. రెండు హల్లులుంటే చెరొకటి: పార్-లే, ర-గార్-దే. రెండవది ల గాని ర గాని అయి, మొదటిది ఆ రెండూ కాని హల్లు అయితే, జంట విడిపోకుండా కుడివైపుకు వెళ్తుంది: సే-లే-బ్రే.

మన లిపి ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. పార్లే అని రాసినప్పుడు ర, ల కలిసి ఒకే అక్షరంగా కనిపిస్తాయి కనుక 'పా-ర్లే' అని విరవబుద్ధవుతుంది. పద్యాలకు గణవిభజన చేసినవారికి అసలు సంగతి తెలుసు: సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుంది, ఎందుకంటే పలుకులో మొదటి హల్లు దానికే ఆనుకుంటుంది. ఫ్రెంచిలోనూ చెవిని అలాగే నమ్మండి, వత్తును చూసి మోసపోవద్దు.

కాగితం మీద ఒకే హల్లు రెండుసార్లు ఉన్నా పలికేది ఒక్కటే. మనకు 'గద'కు 'గద్ద'కు తేడా ఉన్నట్లు వారికి ఉండదు. కనుక దొ-నే అనండి, 'దొన్-నే' అనవద్దు. ఫి-ని-సొఁ అనండి, 'ఫి-నిస్-సొఁ' అనవద్దు. పుస్తకాలలో పంక్తి చివర మాట విరిగినప్పుడు ఆ రెండు హల్లుల నడుమ అడ్డగీత కనిపిస్తుంది. అది అచ్చు వేసేవారి నియమం, నోటికి సంబంధించినది కాదు. పరుగెత్తడం వంటి కొన్ని క్రియలు మాత్రం మినహాయింపు: జ కు-రె అంటే 'పరుగెత్తుతూ ఉండేవాడిని', జ కుర్-రె అంటే '(వీలుంటే) పరుగెత్తేవాడిని'. ఇక్కడ ద్విత్వం పలికితేనే అర్థం తేలుతుంది.

5. నడుమ వచ్చే బలహీనమైన అకారాన్ని ఉంచాలో తీసేయాలో తేల్చుకోండి.

దాన్ని తీసేస్తే మూడు హల్లులు ఒకచోట ఇరుక్కుపోతాయా అని చూడండి. ఇరుక్కోకపోతే తీసేయవచ్చు: 'ఇస్తాను' అనే భవిష్యద్రూపం జ దొన్-రే. ఇరుక్కుంటే ఉంచాలి: జ పార్-ల-రే. ఫ్రెంచి ధ్వనిశాస్త్రజ్ఞుడు మోరిస్ గ్రామొఁ పేరుతో దీనిని మూడు హల్లుల సూత్రం అంటారు. సూత్రమంటే శాసనం కాదు, మినహాయింపులు ఉన్నాయి. సందేహం వచ్చినప్పుడు ఉంచడమే క్షేమం. దక్షిణ ఫ్రాన్సులో చాలామంది మామూలు మాటలలోనే దానిని ఉంచి పలుకుతారు, పాటలలో అయితే మాట చివరి ఇ.కూడా ఒక సిలబుల్‌గా వినిపిస్తుంది. పాటలు విని క్రియారూపాలు నేర్చుకుంటున్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

స్పెల్లింగు మారే క్రియలకు మూలం కూడా ఇదే. 'కొను' అనే క్రియను పూర్తిగా విడదీసి చూద్దాం: జా-షెత్, త్యు ఆ-షెత్, ఇ-లా-షెత్, ను-ౙాష్-తొఁ, వు-ౙాష్-తే, ఇల్-ౙా-షెత్. ప్రత్యయం పలకని రూపాలలో చివరి సిలబుల్ హల్లుతో మూసుకుపోతుంది, మూసుకున్న సిలబుల్‌లో బలహీనమైన అకారం నిలవలేదు కనుక అది ఎ అవుతుంది, ఆ ఎకారాన్ని చూపడానికే దాని మీద ఆక్సాఁ గ్రావ్ (ఎడమనుండి కుడికి కిందికి దిగే గీత) పెడతారు. ప్రత్యయం పలికే రూపాలలో ఆ అకారం బొత్తిగా జారిపోతుంది, ఆక్సాఁ అవసరం ఉండదు. 'పిలుచు' అనే క్రియకు ఇదే పని ఎల్.ను రెండుసార్లు రాసి చేస్తారు: జా-పెల్, ను-ౙా-ప్లొఁ. ఏ క్రియకు ఆక్సాఁ, ఏ క్రియకు జంట హల్లు అన్నది మాత్రం బట్టీ పట్టవలసిందే. ఇలాంటి మరో గుంపులో, 'లొంగు' అనే అర్థమున్న సే-దే క్రియ భవిష్యత్తులో ఆక్సాఁ తేగ్యు (ఎడమనుండి కుడికి పైకి ఎక్కే గీత) రాస్తూ సెద్-రే అని పలికేవారు. 1990 స్పెల్లింగు సవరణలు పలుకుకు తగినట్లు ఆక్సాఁ గ్రావ్ రాయడానికి వీలు కల్పించాయి. మీ పుస్తకంలో రెండూ కనిపిస్తే అచ్చుతప్పు అనుకోవద్దు.

6. ఐ. తరువాత అచ్చు వచ్చినప్పుడు ముందున్న హల్లులను చూడండి.

ను పార్-ల్యొఁ ('మాట్లాడుతూ ఉండేవాళ్లం') రెండు సిలబుళ్ల క్రియ. అదే 'చూపుతూ ఉండేవాళ్లం' అన్నది ను మొఁ-త్రి-యొఁ, మూడు. ఐ.కి ముందు త్ర, బ్ల, ద్ర వంటి జంట ఉంటే నోరు తిరగదు కనుక ఇకారం విడిగా నిలబడి దానివెనుక యకారం వస్తుంది. 'మీరు మరచిపోతారు' అన్నది వు-ౙు-బ్లి-యే, మర్యాదగా ఏదైనా అడిగేటప్పుడు వాడే 'మీరు కోరుకుంటారా' అన్న రూపం వు వు-ద్రి-యే. దీనిని 'వుద్రే' అని మింగేసేవారు చాలామంది.

7. సర్వనామంతో కలిపి మళ్లీ విడదీయండి.

క్రియను ఒంటరిగా విడదీస్తే పని సగమే అయినట్లు. ఇల్ తరువాత అచ్చుతో మొదలయ్యే క్రియ వస్తే లకారం దానిలో కలుస్తుంది: ఇ-లెమ్ ('ప్రేమిస్తాడు'). బహువచనంలో మామూలుగా పలకని ఎస్. అచ్చుకు ముందు ౙకారమై పైకి వస్తుంది: ఇల్-ౙెమ్, ను-ౙా-వొఁ, వు-ౙెత్. మన ద్రుతం అచ్చు కనబడితే నకారంగా బయటపడినట్లే ఇది. దీనిని వారు ల్యె-ౙొఁ అంటారు.

ఈ మెట్టులో ఒక జంటను వందసార్లు పలికినా నష్టం లేదు. ఇల్-ౙొఁ అంటే 'వారికి ఉంది', ఇల్-సొఁ అంటే 'వారు ఉన్నారు'. తెలుగువారి నోట ౙకారం, సకారం దగ్గరగా రావడం వల్ల వినేవారు తికమకపడతారు. గొంతు మీద వేలు పెట్టి పలకండి. మొదటిదానిలో ఆ హల్లు దగ్గర కూడా కంపనం ఆగకూడదు, రెండవదానిలో ఒక్క క్షణం ఆగాలి.

ప్రశ్నలో క్రియ ముందుకు వచ్చి, రెండు అచ్చులు ఎదురుపడితే నడుమ తకారం దూరుతుంది: ఆ-తిల్ ('అతనికి ఉందా?'), వా-తెల్ ('ఆమె వెళ్తుందా?'). నిగ్గు, అద్దము కలిసి నిగ్గుటద్దము అయిన టుగాగమం గుర్తుందా? వారిది తుగాగమం అనుకోండి. ఆ తకారం ఎప్పుడూ తరువాతి సిలబుల్‌కే చెందుతుంది, 'ఆత్-ఇల్' అని విరవవద్దు.

ఊనిక గురించి ఒక్క మాట: సిలబుళ్లన్నీ దాదాపు సమానమైన వేగంతో నడుస్తాయి, పదబంధంలోని చివరిది మాత్రం కొద్దిగా సాగుతుంది. ఇంగ్లీషులోలాగా మొదటి సిలబుల్‌ను గుద్ది పలకవద్దు.

తరచుగా దొర్లే మరికొన్ని తప్పులు

అరసున్న చివర పెదవులు మూసుకుని 'పార్-లోమ్' అనడం మొదటిది. మన నిండుసున్న మాట చివర మకారంగా పలుకుతుంది కనుక ఇది సహజంగా వస్తుంది. అద్దం ముందు నిలబడి పార్-లొఁ అనండి, మాట అయిపోయాక కూడా పెదవులు తెరిచే ఉండాలి.

రెండవది పరీక్షలలో మార్కులు పోగొట్టేది. జ పార్ల్ అంటే 'మాట్లాడుతాను', జే పార్-లే అంటే 'మాట్లాడాను'. కంగారులో 'జ పార్-లే' అని సగం వర్తమానం, సగం భూతం కలిపి పలుకుతారు. వినేవారికి ఏ కాలమో అర్థం కాదు. వర్తమానంలో జ పొట్టిగా, క్రియ ఒకే సిలబుల్‌గా ఉండాలి. భూతంలో జే స్పష్టంగా, క్రియ రెండు సిలబుళ్లుగా ఉండాలి.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

గడ్డం కింద అరచేయి ఆనించి పలకండి, అచ్చు వచ్చిన ప్రతిసారీ దవడ కదులుతుంది. నోరు కొద్దిగానే తెరిచి పలికే ఉ, ఇ వంటివాటికి కదలిక తక్కువగా ఉంటుంది కనుక దీనితోపాటు బల్లమీద తట్టి లెక్క సరిచూసుకోండి. మీరు రాసుకున్న లెక్కకు ఒకటి ఎక్కువ వస్తే చివర ఉకారమో ఎకారమో తగిలించారన్నమాట.

తరువాత ఫోనులో మాట టైపయ్యే సదుపాయానికి భాషగా ఫ్రెంచి ఎంచుకుని వాక్యం చెప్పండి. ఇల్ వ్యెన్ అన్నప్పుడు బహువచన రూపం, ఇల్ వ్యెఁ అన్నప్పుడు ఏకవచన రూపం తెరమీద పడాలి. ఇల్ పార్ల్ వంటి రూపాలతో ఈ పరీక్ష చేయవద్దు. వినికిడి తేడా లేనిచోట ఫోను కూడా ఊహించి రాస్తుంది.

చివరిగా ఈ ఆరింటిని జవాబులు చూడకుండా విడదీయండి. సర్వనామాన్ని కూడా లెక్కలో చేర్చండి.

క. 'వారు చూస్తారు': ఐ.ఎల్.ఎస్. ఆర్.ఇ.జి.ఏ.ఆర్.డి.ఇ.ఎన్.టి.
ఖ. 'మేము తింటాము': ఎన్.ఓ.యు.ఎస్. ఎం.ఏ.ఎన్.జి.ఇ.ఓ.ఎన్.ఎస్.
గ. 'వారు (స్త్రీలు) వస్తారు': ఇ.ఎల్.ఎల్.ఇ.ఎస్. వి.ఐ.ఇ.ఎన్.ఎన్.ఇ.ఎన్.టి.
ఘ. 'మీరు మరచిపోతారు': వి.ఓ.యు.ఎస్. ఓ.యు.బి.ఎల్.ఐ.ఇ.జెడ్.
చ. 'నేను ఇస్తాను (రేపు)': జె.ఇ. డి.ఓ.ఎన్.ఎన్.ఇ.ఆర్.ఏ.ఐ.
ఛ. 'వారు అమ్ముతారు': ఐ.ఎల్.ఎస్. వి.ఇ.ఎన్.డి.ఇ.ఎన్.టి.

జవాబులు: క. ఇల్ ర-గార్ద్, మూడు. ఖ. ను మాఁ-జొఁ, మూడు. గ. ఎల్ వ్యెన్, రెండు. ఘ. వు-ౙు-బ్లి-యే, నాలుగు. చ. జ దొన్-రే, మూడు. నడుమ అకారం ఉంచి జ దొ-న-రే అన్నవారికి నాలుగు, అది కూడా తప్పు కాదు. ఛ. ఇల్ వాఁద్, రెండు. మూడు వచ్చినవారు రెండవ మెట్టుకు తిరిగి వెళ్లండి.